158 రోజులు తక్కువైన సర్వీసు

సర్వీసు రిజిస్టరులో ఒక పేజీ కనబడకపోతే ఎన్ని మెట్లు ఎక్కి దిగవలసి వస్తుందో మన సంఘ సభ్యులకు వేరే చెప్పనవసరం లేదు. తాత్కాలిక ఉద్యోగంగా గడిచిన ఏళ్లు పెన్షన్ లెక్కలోకి వస్తాయా, రావా అన్న మీమాంసలో విశ్రాంత జీవితంలో సగం గడిపినవారు మనలో ఉన్నారు. ఈ కష్టం గుమాస్తాలకూ, ఉపాధ్యాయులకూ మాత్రమే పరిమితం కాదు. లక్షలాది ప్రేక్షకులు చూసి చప్పట్లు కొట్టిన ఒక అమెరికన్ క్రీడాకారుడు, పెన్షన్‌కు 158 రోజుల సర్వీసు చాలక, 62వ ఏట ఉద్యోగం కోసం వెతుక్కోవలసి వచ్చింది. ఆయన పేరు సాచెల్ పేజ్. బేస్‌బాల్ ఆటలో పిచర్.

బేస్‌బాల్ మనకు అంతగా పరిచయం లేని ఆట. క్రికెట్‌లో బౌలర్ ఎలాగో అందులో పిచర్ అలాగ. 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి, బంతి నేలను తాకకుండా, బ్యాటు పట్టుకొన్నవాని మోకాలికీ ఛాతీకీ మధ్యగా పోయేటట్లు విసరాలి. మోచేయి వంచి విసరవచ్చు కాబట్టి వేగం హెచ్చు, భుజానికి శ్రమా హెచ్చు. చాలామంది పిచర్లు నలభై నిండకుండానే విరమిస్తారు.

పేజ్ 1906 జూలై 7న అలబామా రాష్ట్రంలోని మొబీల్ అనే రేవు పట్టణంలో పేద నల్లజాతి కుటుంబంలో జన్మించాడు. అసలు పేరు లీరాయ్. చిన్నతనంలో రైల్వే స్టేషనులో ప్రయాణికుల సామాను మోసేవాడు. కర్రకు తాళ్లతో సంచులు వేలాడదీసి, కావడి మోసినట్లు ఒకేసారి నాలుగైదు మోయటం వల్ల 'సాచెల్', అంటే చేతిసంచి, అన్న పేరు వచ్చిందని ఆయనే చెప్పుకొన్నాడు. 12వ ఏట చిన్న దొంగతనానికి పట్టుబడి బాలనేరస్థుల పాఠశాలకు వెళ్లాడు. అయిదేళ్లకు పైగా అక్కడే ఉన్నాడు. బంతి విసరటంలోని మెలకువలు నేర్చుకొన్నది ఆ పాఠశాలలోనే.

1926లో చట్టనూగా పట్టణపు నల్లజాతి జట్టులో ఆయన వృత్తి జీవితం మొదలైంది. ఆ రోజుల్లో మేజర్ లీగులు అనే పెద్ద పోటీలలో నల్లవారికి ప్రవేశం లేదు. నిషేధిస్తూ రాసిన నిబంధన ఏదీ లేదు. జట్ల యజమానుల మధ్య లోపాయికారీ ఒప్పందం, అంతే. అది 1880వ దశకం నుంచి ఆరు దశాబ్దాలు సాగింది. అందువల్ల నల్లజాతివారు 1920 నుంచి తమకు తామే లీగులు పెట్టుకొన్నారు. వాటికే నీగ్రో లీగులని పేరు.

బర్మింగ్‌హామ్, పిట్స్‌బర్గ్, కాన్సాస్ సిటీ జట్లలో పేజ్ ఆడాడు. సీజను ముగియగానే ఊరూరా ప్రదర్శన మ్యాచ్‌లు. పగలు మైదానంలో చప్పట్లు కొట్టిన ఊళ్లోనే రాత్రి హోటలులో గది ఇచ్చేవారు కాదు. ఉత్తరాన బిస్మార్క్ పట్టణంలో ఇల్లు అద్దెకు దొరకక, పాత గూడ్సు పెట్టెలో కాపురం ఉన్నాడు. ఆయన మచ్చలేనివాడని చెప్పబోవటం లేదు. ఎక్కువ డబ్బు ఇచ్చేవారుంటే ఒప్పందం వదిలి వెళ్లిపోయేవాడు. 1937లో డొమినికన్ రిపబ్లిక్ నియంత ట్రుహియో పేరు పెట్టుకొన్న జట్టుకు ఆడేందుకు అలాగే వెళ్లాడు. మరుసటి సంవత్సరం మెక్సికోలో భుజం దెబ్బతిని, ఇక విసరలేడని వైద్యులు తేల్చినప్పుడు, కాన్సాస్ సిటీ మొనార్క్స్ యజమాని విల్కిన్సన్ తన రెండో జట్టులో చోటిచ్చి ఆదుకొన్నాడు. ఆశ్చర్యంగా భుజం కోలుకొన్నది. 1942లో ఆ జట్టు నీగ్రో లీగుల ఛాంపియన్ అయింది.

1947లో జాకీ రాబిన్సన్ మేజర్ లీగులలో అడుగుపెట్టి ఆ అడ్డుగోడను కూల్చాడు. రాబిన్సన్ అంతకుముందు మొనార్క్స్‌లో పేజ్ సహచరుడే. పన్నెండేళ్లకు పైగా చిన్నవాడు. తనను కాదని చిన్నవాణ్ణి పిలిచినందుకు పేజ్ నొచ్చుకొన్నాడు. మేజర్ లీగు ఆటగాళ్లకు పెన్షన్ పథకం మొదలైంది కూడా ఆ 1947లోనే.

మరుసటి ఏడాది, సరిగ్గా 42వ పుట్టినరోజున, క్లీవ్‌లాండ్ జట్టు యజమాని బిల్ వీక్ పేజ్‌ను చేర్చుకొన్నాడు. టిక్కెట్లు అమ్ముకొనేందుకు ముసలివాణ్ణి తెచ్చారని ఒక ప్రముఖ క్రీడాపత్రిక సంపాదకుడు ఎద్దేవా చేశాడు. పేజ్ సమాధానం మైదానంలో చెప్పాడు. ఆ సీజనులో ఆరు గెలుపులు, ఒక్కటే ఓటమి. ఆగస్టు 20న ఆయన ఆట చూడటానికి 78,382 మంది వచ్చారు. ప్రత్యర్థికి ఒక్క పరుగూ ఇవ్వలేదు. ఆ ఏడు క్లీవ్‌లాండ్ వరల్డ్ సిరీస్ గెలిచింది. తరువాత 1951 నుంచి 1953 వరకు సెయింట్ లూయిస్‌కు ఆడాడు. 1965లో కాన్సాస్ సిటీ అథ్లెటిక్స్ యజమాని ఒక్క మ్యాచ్ కోసం పిలిచి, తమాషాకు ఊగుడు కుర్చీ వేసి, పక్కన నర్సును నిలబెట్టాడు. 59 ఏళ్ల పేజ్ కుర్చీలోంచి లేచి వెళ్లి మూడు ఇన్నింగ్స్ విసిరి, ఒక్క పరుగూ ఇవ్వకుండా తిరిగి వచ్చాడు.

ఇక లెక్కకు వద్దాం. అప్పట్లో పెన్షన్‌కు మేజర్ లీగులలో అయిదేళ్ల సర్వీసు కావలసి ఉండేది. 1948లోనూ 1951లోనూ ఆయన సీజను మధ్యలో చేరాడు. మొత్తం కూడితే 158 రోజులు తక్కువ. అంతకుముందు నీగ్రో లీగులలో గడిచిన రెండు దశాబ్దాలు సున్నా కిందే జమ. పని అడిగితే ఇతర జట్లు ముందుకు రాలేదు. చివరకు 1968 ఆగస్టులో అట్లాంటా జట్టు యజమాని బార్తొలొమే ఆయనను చేర్చుకొని, లోటు తీరేవరకు ఉద్యోగంలో ఉంచాడు. అధికారిక మ్యాచ్‌లో ఆయన ఒక్క బంతీ విసరలేదు. 1969లో పెన్షన్ అర్హత పూర్తయింది.

బార్తొలొమే మంచితనాన్ని మెచ్చుకోవలసిందే. కాని ఆ లోటు పేజ్ చేసినది కాదు. ఇరవై రెండేళ్లు తలుపు మూసి ఉంచి, ఆలస్యంగా వచ్చావని రోజులు లెక్కగట్టటం ఏమి న్యాయం? 1971లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చినప్పుడు కూడా మొదట నీగ్రో లీగు ఆటగాళ్లకు వేరే విభాగం అన్నారు. జనం నిరసించిన మీదట అందరితో సమానంగా స్థానమిచ్చారు.

1982 జూన్ 8న పేజ్ కన్నుమూశాడు. 2020 డిసెంబరులో నీగ్రో లీగులు కూడా మేజర్ లీగులేనని బేస్‌బాల్ సంస్థ ప్రకటించింది. 2024లో ఆ గణాంకాలను అధికారిక రికార్డులో కలిపింది. మన భాషలో చెప్పాలంటే, పాత సర్వీసును రెగ్యులరైజ్ చేసింది. రిజిస్టరు సరిదిద్దేనాటికి ఉద్యోగి లేడు.

ఆ 1982లోనే, డిసెంబరు 17న, మన సుప్రీంకోర్టు నకారా కేసులో పెన్షన్ అనేది యజమాని దయాభిక్ష కాదని, చేసిన సేవకు దక్కే హక్కు అని తీర్పు చెప్పింది. ఏటా ఆ రోజున మనం పెన్షనర్ల దినం జరుపుకొంటున్నాం. ఈసారి జరుపుకొనేటప్పుడు, 158 రోజుల కోసం 62వ ఏట మళ్లీ యూనిఫారం తొడుక్కొన్న ఆ పెద్దమనిషిని కూడా ఒక్క నిమిషం తలచుకొందాం. లెక్కలోకి రాని సర్వీసుతో మన సంఘం గడప తొక్కే ప్రతి సభ్యుని అర్జీని ఓపికగా చదువుదాం.