బూడిద, చౌడు, కుంకుడు: కృష్ణా డెల్టా ఇళ్లలో శుభ్రతా ద్రవ్యాల చరిత్ర

ఉపోద్ఘాతం

విజయవాడ నుంచి ఏలూరు వెళ్లే జాతీయ రహదారిని నూజివీడు నుంచి గుడివాడ వెళ్లే రోడ్డు కలిసే చోట పెరిగిన ఊరు హనుమాన్ జంక్షన్. బాపులపాడు మండలానికి ఇదే కేంద్రం. ఇక్కడి నుంచి ఉత్తరంగా పోతే మెట్ట, మామిడి తోటలు. దక్షిణంగా పోతే కాలువలు, నల్లనేల, వరి. ఇంటిని, గిన్నెలను, బట్టలను శుభ్రం చేయడానికి ఈ ప్రాంతంవారు వాడిన ద్రవ్యాలలో కొన్ని డెల్టా ఇచ్చినవి, కొన్ని మెట్ట నుంచి, దాని పైనున్న అడవి నుంచి దిగివచ్చినవి. అందుచేత ఆ చరిత్రను పరిశీలించడానికి ఈ కూడలి అనువైన స్థలం.

పర్యావరణానికి హాని చేయని శుభ్రతా ద్రవ్యాలను ఇంట్లోనే తయారు చేసుకోవాలన్న ఆసక్తి నేడు పట్టణ, గ్రామీణ కుటుంబాలలో కనిపిస్తోంది. దీనిని సాధారణంగా 'పూర్వీకుల పద్ధతికి తిరిగి వెళ్లడం'గా వర్ణిస్తారు. ఈ వర్ణన సగమే నిజం. పూర్వం ఈ ద్రవ్యాలలో అధిక భాగం ఎవరూ 'తయారు' చేసినవి కావు. పొయ్యి, పశువుల కొట్టం, ఊరి నేల వాటిని మిగిల్చాయి. వాటితో చేసే చాకిరీని ఇంటి ఆడవారు, ఊరి చాకలివారు మోశారు. పొయ్యి మారినప్పుడు, పాత్ర మారినప్పుడు, ఆ చాకిరీ చేసేవారి బ్రతుకు మారినప్పుడు ద్రవ్యమూ మారింది. ఈ క్రమాన్ని చూపడమే వ్యాసోద్దేశం.

బందరు రేవు వస్త్రాలను గురించి వర్తక సంఘాల లెక్కలు విస్తారంగా ఉన్నాయి. గిన్నెలు తోమే బూడిదకు లెక్క రాసినవారు లేరు. కాబట్టి ఇక్కడ ప్రధాన ఆధారాలు వాడుక మాటలు, వృత్తి పదాలు, ఆ పదార్థాల రసాయన స్వభావం.

బూడిద

కట్టెల బూడిదలో పొటాషియం కార్బొనేట్ ఉంటుంది. తడిపినప్పుడు అది క్షారంగా పనిచేసి, గిన్నెకు అంటిన నూనెలో కొంత భాగాన్ని అక్కడికక్కడే సబ్బుగా మారుస్తుంది. అంటే బూడిదతో తోమే ఇల్లాలు తెలియకుండానే ప్రతిపూటా కాస్తంత సబ్బు తయారు చేస్తున్నట్లే. వరి ఊక బూడిద స్వభావం వేరు. అందులో అత్యధిక భాగం సిలికా. అది జిడ్డును కరిగించదు, గీకి వదిలిస్తుంది. రెండింటినీ ఒకే 'బూడిద' అనే మాట కింద చేర్చడం నేటి చిట్కాల పుస్తకాలలో సర్వసాధారణమైన పొరపాటు.

ఈ భేదం భూగోళంతో ముడిపడినది. బెజవాడ వద్ద కృష్ణకు అడ్డంగా 1852లో మొదలుపెట్టిన ఆనకట్ట 1855లో పూర్తయింది. కాలువల కింద వరి సాగు విస్తరించింది. వరి నేలలో వంటచెరకు తక్కువ. ఊక, పిడకలు, తాటి కమ్మలు డెల్టా పొయ్యిలోకి వచ్చాయి. మెట్ట గ్రామాల పొయ్యిలో తుమ్మ, మామిడి, కంది కట్టె మండాయి. కాబట్టి హనుమాన్ జంక్షన్‌కు ఉత్తరాన, దక్షిణాన గిన్నెలు తోమిన బూడిదలు ఒకే గుణం కలవి కావని భావించడానికి ఆస్కారముంది. కొబ్బరి పీచు, ఎండుగడ్డి చుట్ట మాత్రం రెండు వైపులా ఉన్నవే.

ఇత్తడి, రాగి పాత్రలకు చింతపండు వాడేవారు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం లోహంపై ఏర్పడిన ఆక్సైడు పొరను కరిగిస్తుంది. పులుసు పిండేసిన పిప్పి ఆ పనికి చాలు; కొత్త చింతపండును ఎవరూ వృథా చేయరు. పూర్వపు పశ్చిమ గోదావరి జిల్లాలోని అజ్జరం వంటి ఊళ్లు ఇత్తడి పనికి పేరుపొందినవి. స్టెయిన్‌లెస్ స్టీలు ఇళ్లలోకి వచ్చాక చింతపిప్పికి వంటగదిలో ఆ రెండో పని పోయింది. దానిని సబ్బు వచ్చి తొలగించలేదు. తోమవలసిన చిలుమే లేకుండా పోయింది.

బూడిద విషయమూ ఇంతే. గిన్నెల సబ్బు ప్రచారమే బూడిదను పారదోలిందని తరచుగా అంటారు. వంటగ్యాసు పాత్ర అంతకంటె పెద్దదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన దీపం పథకం మహిళా సంఘాల సభ్యులకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చింది. పొయ్యి ఆరిన ఇంట్లో బూడిద ఎక్కడి నుంచి వస్తుంది? ఊదుతూ, పొగలో కళ్లు మండించుకున్న స్త్రీల వైపు నుంచి చూస్తే ఈ మార్పు నష్టం కాదు. నేడు ఆన్‌లైన్ అంగళ్లలో పొట్లం కట్టి అమ్ముతున్న బూడిదను కొనేవారు గుర్తుంచుకోవలసిన సంగతి ఇది.

రేవు

ఇంటి శుభ్రత అనగానే నేటి రచనలు వంటగది దగ్గరే ఆగిపోతాయి. బట్టల చరిత్ర ఇంటి బయట, చాకిరేవులో ఉంది. చౌడు నేలల్లో ఎండాకాలం పైకి తేలే తెల్లటి పొరలో సోడియం క్షారాలు ఉంటాయి. చాకలివారు ఆ మట్టిని గీరి తెచ్చి, నీళ్లలో కలిపి, అందులో బట్టలు తడిపి, బానమీద ఆవిరి పట్టించేవారు. దీనినే ఉబ్బ వేయడం అంటారు. తర్వాత బండమీద ఉతికి, కాలువ నీటిలో జాడించి, ఎండలో ఆరవేయడం. సాగుకు పనికిరాదని రైతు విడిచిపెట్టిన నేల చాకలి వృత్తికి ముడిసరుకైంది.

ఫ్రాన్సులో లెబ్లాంక్ 1791లో, ఆ తర్వాత 1860లలో బెల్జియంలో సాల్వే కనిపెట్టిన పద్ధతుల వల్ల సోడా కర్మాగారపు సరుకయింది. కాలక్రమంలో అది మన ఊళ్లకూ చేరి చౌడు స్థానాన్ని ఆక్రమించింది. పేరు మాత్రం మారలేదు: దానిని నేటికీ 'చాకలి సోడా' అనే అడుగుతారు. అంగట్లో కొన్న రసాయనానికి ఒక కులవృత్తి పేరు అంటిపెట్టుకుని ఉండడం గమనించదగినది. ఇంటింటి మైల బట్టలు, పురిటి బట్టలు ఉతికినవారికి పంట కళ్లంలో కొలిచే గింజలే ప్రతిఫలం. ఇంటి 'శుద్ధి' ఎవరి చేతుల మీదుగా సిద్ధించిందో ఆ చేతులనే ఆ సమాజం తక్కువగా చూసింది. సహజ పద్ధతుల వైభవాన్ని కీర్తించే రచనల్లో ఈ వాక్యానికి చోటు దొరకడం అరుదు.

ఇదే జ్ఞానం ఇంటి స్థాయిని దాటి వాణిజ్యానికి ఎదిగిన చోటు బందరు తీరం. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ 'గ్లోబ్' మచిలీపట్నం చేరింది 1611లో. యూరపు కోరిన అద్దకం బట్టల వెనుక పేడ నీళ్లలో నానబెట్టడం, పారే నీటిలో మళ్లీ మళ్లీ జాడించడం, ఎండకు తెల్లబరచడం, కరక్కాయ, గేదెపాల పట్టు వంటి దశలు ఉన్నాయి. ఫ్రెంచి జెస్యూట్ కూర్దూ 1742లో కోరమాండల్ తీరపు అద్దకం పనిని వివరిస్తూ రాసిన లేఖ యూరపు వారికి ఈ పద్ధతిని తెలియజేసిన తొలి రచనల్లో ఒకటి. పెడనలో కలంకారి కళాకారులు నేటికీ బట్టను కాలువ నీటిలోనే జాడిస్తారు. పేడ మురికి వస్తువు అన్న భావనతో ఈ చరిత్రను అర్థం చేసుకోలేము. దానితో నేలను అలికారు, దానితోనే బట్టను తెల్లబరిచారు.

కుంకుడు

కుంకుడుకాయ డెల్టా పంట కాదు. శీకాయతో పాటు అది ప్రధానంగా మెట్ట నుంచి, తూర్పు కనుమల ఏజెన్సీ నుంచి సంతలకు దిగివచ్చిన సరుకు. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనుగోలు చేసే అటవీ ఫలసాయంలో కుంకుడు, శీకాయ, చింతపండు, కొండ చీపుర్లు అన్నీ ఉన్నాయి. అంటే డెల్టా ఇంటి శుభ్రతలో సగం కొండవారి సేకరణ మీద ఆధారపడింది. 'ఇంట్లో తయారీ' అన్న మాట ఈ దూరాన్ని మరుగుపరుస్తుంది.

కుంకుడులో నురగనిచ్చేది సాపోనిన్. తలకు, పట్టుబట్టకు, నగకు అది వాడుకలో ఉండడానికి కారణం దానిలో సోడా వంటి తీవ్ర క్షారం లేకపోవడమే. సోడా పట్టును, ఉన్నిని పాడుచేస్తుంది. కుంకుడు రసం చేయదు. ఏ మురికికి ఏ ద్రవ్యం అన్న ఈ వివేచనే పాత పద్ధతిలో అసలు విషయం. జిడ్డుకు క్షారం, చిలుముకు ఆమ్లం, సున్నితమైన నేతకు నురగ.

నేటి సీసా

ఈ వివేచన నేటి చిట్కాలలో చాలావరకు చెదిరిపోయింది. వెనిగర్‌ను, వంటసోడాను ఒకే సీసాలో కలిపి దాచుకోమని చెప్పేవి కోకొల్లలు. ఆమ్లం, క్షారం ఒకదానినొకటి చంపుకుని చివరికి మిగిలేది దాదాపు ఉప్పునీరు. బుసబుస పొంగడం చూసేవారికి బలంగా తోస్తుంది, అంతే. రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి వాడితే ప్రయోజనం ఉంది.

బయోఎంజైమ్ పేరిట ప్రచారంలో ఉన్న ద్రవానికి థాయిలాండ్‌కు చెందిన రోసుకోన్ పూంపన్‌వాంగ్ ప్రాచుర్యం కల్పించారు. ఒక పాలు బెల్లం, మూడు పాళ్లు పండ్ల తొక్కలు, పది పాళ్లు నీరు కలిపి మూడు నెలలు పులియబెట్టాలి. తొలి నెలలో మూత అప్పుడప్పుడు వదులు చేసి వాయువు పోనివ్వాలి, లేకపోతే సీసా పగిలే ప్రమాదముంది. బెల్లం, పేడ, మూత్రం కలిపి జీవామృతం పులియబెట్టడం ఎరిగిన ప్రకృతి వ్యవసాయ రైతు కుటుంబాలకు ఈ ప్రక్రియ కొత్తగా తోచదు. అయితే ఆ ద్రవం ప్రధానంగా ఆమ్లద్రవం. ఉప్పు మరకలకు, నేల తుడవడానికి సరిపోతుంది. రోగక్రిములను చంపే మందుగా దానిని ఆస్పత్రి స్థాయిలో నమ్మడం తగదు.

'సహజం' అన్న మాటనూ ఈ ప్రాంతమే పరీక్షకు పెడుతుంది. కైకలూరు వైపు రొయ్యల చెరువుల్లో పిల్లలు వేయడానికి ముందు, వాటిని తినే చేపలను చంపడానికి టీ గింజల పిండి చల్లుతారు. అందులో పనిచేసేదీ సాపోనినే. కుంకుడు రసమూ చేపకు విషమే. మోతాదు తక్కువైతే నేలలో, నీటిలో అది త్వరగా విచ్ఛిన్నమవుతుంది. డిటర్జెంటు పొడితో పోలిస్తే ఇది మేలే. కాని గిన్నెలు కడిగిన కుంకుడు నీళ్లను పెరటి మొక్కలకు పోయడం వేరు, నీరు కదలని చిన్న చేపల గుంటలోకి వదలడం వేరు.

మరొక సంగతి. కుంకుడు రసం ఒకటి రెండు రోజులకే పులిసి వాసన వేస్తుంది. పాతకాలపు ఇళ్లలో కాయలు ఏడాది పొడవునా డబ్బాలో ఎండుగా ఉండేవి, రసం మాత్రం ఏ రోజుకారోజు నలగ్గొట్టి తీసేవారు. ఆ నలగ్గొట్టే పని మానేసి రసాన్ని సీసాలో నెలల తరబడి నిలవ ఉంచాలనుకుంటే ఫ్రిజ్ కావాలి, లేదా నిలవ రసాయనం కలపాలి.