గడప దగ్గరే తేలే తీర్పు

అంతర్జాతీయ చలనచిత్రోత్సవం అనగానే అందరి చూపూ చివరి రోజు మీదే ఉంటుంది. జ్యూరీకి అధ్యక్షులెవరు, బహుమతి ఎవరిని వరించింది, ఎవరికి అన్యాయం జరిగింది అన్న చర్చలతోనే పత్రికలు నిండిపోతాయి. వెనిస్, కేన్స్, బెర్లిన్ ఉత్సవాల నిబంధనలు తొంభై ఏళ్లుగా ఎలా మారుతూ వచ్చాయో వరసగా చూస్తే మరో సంగతి బోధపడుతుంది. తీర్పు ఎలా చెప్పాలన్న విషయం మీద జరిగిన పోరాటం చిన్నది. పోటీలోకి ఏ సినిమా రావాలో తేల్చే హక్కు ఎవరిదన్న దాని మీద జరిగిన పెనుగులాట చాలా పెద్దది. జ్యూరీ తన ముందుకు వచ్చినవాటిలోంచే ఎంచుకోగలదు. రానిదాన్ని ఎంతటి జ్యూరీ అయినా గెలిపించలేదు. అందుకే ఉత్సవాల చరిత్రను బహుమతుల పట్టికలో కంటే ప్రవేశ నిబంధనల్లో చదవడం మేలు.

1932 ఆగస్టులో వెనిస్‌లోని లిడో దీవిలో, ఎక్సెల్సియర్ హోటల్ డాబా మీద మొదటి ఉత్సవం జరిగినప్పుడు జ్యూరీ అంటూ లేదు. ఏ చిత్రం నచ్చిందో ప్రేక్షకులనే అడిగారు. రెండేళ్లు తిరిగేసరికి, 1934లో, ముస్సోలినీ పేరిట కప్పు వచ్చింది. 1936లో అంతర్జాతీయ జ్యూరీ కూడా వచ్చింది. కాగితం మీద ఇది పురోగతే. కానీ 1938లో ఆ కప్పును జర్మనీకి చెందిన రీఫెన్‌స్తాల్ తీసిన ‘ఒలింపియా’కూ, ముస్సోలినీ కొడుకు విత్తోరియో పర్యవేక్షణలో తయారైన ‘లూచియానో సెర్రా, పైలట్’కూ పంచిపెట్టారు. జ్యూరీలో పలు దేశాలవారు ఉన్నంత మాత్రాన తీర్పు స్వతంత్రం కాదని అప్పుడే తేలిపోయింది. ఆ ఆగ్రహంలోంచి ఫ్రాన్స్ సొంత ఉత్సవానికి పూనుకుంది. 1939 సెప్టెంబరు 1న కేన్స్‌లో అది మొదలు కావలసి ఉండగా, అదే రోజు హిట్లర్ సేనలు పోలండ్ మీద పడ్డాయి. ఉత్సవం 1946 దాకా ఆగిపోయింది.

యుద్ధం తర్వాత కేన్స్ ఎంచుకున్న పద్ధతి ఐక్యరాజ్య సమితి కాలానికి తగినదే. ఏ దేశం చిత్రాలను ఆ దేశమే పంపేది. మొదటి జ్యూరీలో దేశానికొక ప్రతినిధి కూర్చున్నారు. ఆ ఏడు అత్యున్నత బహుమతి పదకొండు చిత్రాలకు దక్కింది. వాటిలో చేతన్ ఆనంద్ ‘నీచా నగర్’ ఒకటి. ఎవరినీ నొప్పించకూడదన్న ఈ మర్యాద త్వరలోనే మెడకు చుట్టుకుంది. ఒక దేశ మనోభావాలను గాయపరిచే చిత్రాన్ని పోటీ నుంచి తొలగించేందుకు నిబంధనల్లో వీలుండేది. 1956లో నాజీ నిర్బంధ శిబిరాల మీద అలెన్ రెనె తీసిన ‘నైట్ అండ్ ఫాగ్’ను పశ్చిమ జర్మనీ అభ్యంతరంతో పోటీ నుంచి తప్పించారు. మూడేళ్ల తర్వాత అదే దర్శకుడి ‘హిరోషిమా మై లవ్’ అమెరికాకు కోపం రాకూడదని పోటీ బయటే ఉండిపోయింది. ఈ రెండింటి బాగోగులు జ్యూరీ దాకా రానేలేదు.

జ్యూరీ తలుచుకుంటే ప్రభుత్వాలను కాదనగలదు కదా అని ఎవరైనా అనవచ్చు. 1961 నాటి ‘విరిడియానా’ అందుకు సాక్ష్యంలానే కనిపిస్తుంది. స్పెయిన్ అధికారికంగా పంపిన ఈ బునుయెల్ చిత్రానికి కేన్స్ అత్యున్నత బహుమతి పామ్ దోర్‌లో సగం దక్కింది. వాటికన్ పత్రిక మండిపడింది. బహుమతి అందుకున్న స్పెయిన్ సినిమా అధికారి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. పంపిన దేశంలోనే సినిమా నిషేధానికి గురైంది. అయితే ఇక్కడ జ్యూరీ గెలవడానికి కారణం ఫ్రాంకో ప్రభుత్వం ఏమరుపాటున తలుపు తెరవడమే. ఒకసారి దెబ్బ తిన్న ప్రభుత్వం మళ్లీ ఏమరుపాటుగా ఉండదు. ఇంకో సాక్ష్యం బెర్లిన్‌ది. వియత్నాం యుద్ధంలోని అత్యాచార ఘటన ఆధారంగా వచ్చిన ‘ఓ.కె.’ చిత్రం పోటీలో ఉండాలా వద్దా అన్నదాని మీద 1970లో అమెరికన్ దర్శకుడు జార్జ్ స్టీవెన్స్ అధ్యక్షతన జ్యూరీ గొడవపడి చీలిపోయింది. చివరికి ఆ ఏడు పోటీ బహుమతులే లేవు. ప్రవేశం మీద అధికారం లేని జ్యూరీ అందులో వేలు పెడితే తీర్పు చెప్పే పని కూడా చెడిందన్నమాట.

దేశాల చేతిలోంచి ఎంపికను లాక్కునే పని వెనిస్‌లో ముందుగా జరిగింది. 1956లో అమ్మన్నాతి నాయకత్వంలో అక్కడ నిపుణుల సంఘమే చిత్రాలను ఏరడం మొదలుపెట్టింది. కేన్స్ ఆ మెట్టు ఎక్కడానికి మరింత కాలం పట్టింది. 1968 మే నెల అల్లర్లలో ఉత్సవం మధ్యలోనే ఆగిపోయింది. మరుసటి ఏడే దర్శకులు సొంతంగా ‘డైరెక్టర్స్ ఫోర్ట్‌నైట్’ను పక్కనే తెరిచారు. 1972లో కేన్స్ నిర్వాహకులు ఇకపై చిత్రాలను తామే ఎంచుకుంటామన్నారు. రాయబార కార్యాలయాల పెత్తనం అలా ముగిసింది.

ఈ మార్పు కళకు స్వేచ్ఛ తెచ్చిందన్నది మామూలుగా వినిపించే మాట. అది నిజమే కానీ సగం నిజం. దేశాల పద్ధతిలో ఎన్ని లోపాలున్నా, పెద్దగా పేరులేని పరిశ్రమలకు అది ఒక కుర్చీ వేసేది. 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా ఉత్సవంలో మన ‘నర్తనశాల’ నిలబడింది. కీచకుడి పాత్రకు ఎస్వీ రంగారావుకు ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. రాజకీయాల నీడ పడిన వేదికే అయినా, తెలుగు పౌరాణికాన్ని పరాయి దేశపు తీర్పరుల ముందుకు తీసుకెళ్లింది. దీనికి భిన్నంగా, ఎంపిక పూర్తిగా నిర్వాహకుల చేతిలో ఉన్న కేన్స్ ప్రధాన పోటీలో 1994లో షాజీ ఎన్. కరుణ్ ‘స్వాహం’ తర్వాత భారతీయ చిత్రం మళ్లీ కనిపించడానికి ముప్ఫై ఏళ్లు పట్టింది. 2024లో పాయల్ కపాడియా ‘ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్’ వచ్చింది, వస్తూనే గ్రాండ్ ప్రీ గెలిచింది. అందులో ఫ్రాన్స్ నిర్మాణ భాగస్వామ్యం ఉంది. ఈ ముప్ఫై ఏళ్లూ మన దగ్గర మంచి సినిమాలు లేవనుకోవడం కష్టం. ఏరేవారి అభిరుచీ, పరిచయాలూ కూడా గడప కాపలాదారులేనని ఒప్పుకోవడం తేలిక.

కాపలా ఇప్పుడు వ్యాపారం చేతికీ వచ్చింది. 2017లో నెట్‌ఫ్లిక్స్ చిత్రాలు రెండు కేన్స్ పోటీలో చేరగానే ఫ్రెంచి థియేటర్ల యజమానులు భగ్గుమన్నారు. మరుసటి ఏడాది నుంచి ఫ్రాన్స్ థియేటర్లలో విడుదలయ్యే సినిమాకే పోటీలో చోటన్నారు. దాంతో 2018లో అల్ఫోన్సో క్వారోన్ తీసిన నెట్‌ఫ్లిక్స్ చిత్రం ‘రోమా’ వెనిస్ వెళ్లి గోల్డెన్ లయన్ గెలుచుకుంది. కేన్స్ జ్యూరీ ఆ చిత్రాన్ని తిరస్కరించలేదు. దాని దాకా అది చేరలేదంతే.

మరి ఎంపికను మళ్లీ దేశాలకే అప్పగిద్దామా? మన అనుభవమే వద్దంటుంది. 2017లో గోవా ఉత్సవంలోని ఇండియన్ పనోరమాకు జ్యూరీ ఎంచిన ‘ఎస్ దుర్గ’, ‘న్యూడ్’ చిత్రాలను కేంద్ర సమాచార ప్రసార శాఖ తొలగించింది. జ్యూరీ అధ్యక్షుడు సుజయ్ ఘోష్ రాజీనామా చేశారు. ఆస్కార్ అంతర్జాతీయ చిత్ర విభాగంలో దేశానికొక్కటే ఎంట్రీ అన్న నియమం కింద 2022లో మన దేశ చలనచిత్ర సంఘం గుజరాతీ ‘ఛెల్లో షో’ను పంపింది. ఆ ఎంపిక తప్పో ఒప్పో పక్కన పెడితే, ‘ఆర్ఆర్ఆర్’కు ఆ దారి మూసుకుపోయింది. అయినా మామూలు విభాగాలకు నేరుగా దరఖాస్తు చేసుకునే వీలుండబట్టి ‘నాటు నాటు’కు 2023లో ఉత్తమ గీతం ఆస్కార్ వచ్చింది.

ఈ చివరి ఉదాహరణలోనే నా వాదనకు ముగింపు ఉంది. ప్రేక్షకుల ఓటు, ప్రభుత్వాల నామినేషన్, నిపుణుల సంఘం, థియేటర్ విడుదల షరతు: వీటిలో ఏదీ నిష్పాక్షికమైన గడప కాలేకపోయింది, ఇకముందు రాసుకునే నిబంధన కూడా కాలేదు. ఎక్కడైనా న్యాయం కొంత జరిగిందంటే, ఒక తలుపు బిగిసినప్పుడు పక్కన ఇంకో తలుపు ఉండటం వల్లే జరిగింది. కేన్స్‌కు ఫోర్ట్‌నైట్, 1970 రభస తర్వాత బెర్లిన్‌కు 1971లో వచ్చిన ఫోరమ్, ‘రోమా’కు వెనిస్ అలాంటివే. కాబట్టి ఉత్సవాన్ని బేరీజు వేయాలనుకునేవారు జ్యూరీలో ఎంత పెద్ద పేర్లున్నాయో చూసి ఊరుకోకూడదు. ఏరేది ఎవరు, ఎంతకాలంగా ఏరుతున్నారు, వాళ్లు కాదన్న సినిమాకు మరో దారి ఉందా అని అడగాలి. మూడో ప్రశ్నకు జవాబు లేని ఉత్సవంలో తీర్పు ఎంత నిజాయతీగా చెప్పినా అది సగం తీర్పే.