సన్న పిన్ను నుంచి సీ పిన్ను దాకా

కోలారు జిల్లా మాలూరు తాలూకాలో లక్కూరు ఓ హోబళి కేంద్రం. బడిలో, కచేరీలో కన్నడం నడుస్తుంది. ఎన్నో ఇళ్లలో మాత్రం మాట తెలుగే. ఈ చుట్టుపక్కల ఏ మొబైల్ అంగడికెళ్లి ఛార్జరు అడిగినా ముందు వచ్చే ప్రశ్న ఒకటే: "ఏ పిన్ను?" సన్న పిన్నా, సీ పిన్నా, ఐఫోన్ పిన్నా అని. ఆ ప్రశ్న చుట్టూ ఇరవై ఏళ్ల తగాదా నడిచింది. ఐరోపాలో చట్టసభ కూర్చుంది, ఢిల్లీలో కమిటీలు కూర్చున్నాయి. ఇక్కడికి దగ్గర్లోనే, బెంగళూరు-కోలారు హైవే పక్కన ఉన్న నరసాపురంలో, ఆ పిన్ను దూరే ఫోన్లనే ఊరి యువతీయువకులు కూరుస్తున్నారు.

మొదట్లో ఒక కంపెనీ పిన్ను ఇంకో కంపెనీ ఫోనుకు పట్టేది కాదు. నోకియాలోనే రెండు రకాలు. పాతవాటికి 3.5 మిల్లీమీటర్ల లావు పిన్ను, తర్వాతి వాటికి 2 మిల్లీమీటర్ల సన్న పిన్ను. సోనీ ఎరిక్సన్‌ది వెడల్పాటి పట్టీ, శాంసంగ్‌ది మరో తీరు. ఫోను పోతే ఛార్జరూ పోయినట్టే. దీనికి మొదట అడ్డుకట్ట వేసింది చైనా. 2006 చివర్లో అక్కడి సమాచార మంత్రిత్వశాఖ, గోడకు పెట్టే ఛార్జరుకు యూఎస్‌బీ రంధ్రమే ఉండాలని ప్రమాణం తెచ్చింది. వైరు మార్చుకుంటే చాలు, ఛార్జరు పారేయక్కర్లేదు. 2009లో ఐరోపా కమిషన్ పెద్ద ఫోను కంపెనీలను కూర్చోబెట్టి మైక్రో యూఎస్‌బీకి ఒప్పించింది. చివరికి 14 కంపెనీలు సంతకం చేశాయి. అది స్వచ్ఛంద ఒప్పందం, చట్టం కాదు. అడాప్టరు ఇస్తే చాలన్న వెసులుబాటుతో యాపిల్ తన సొంత పిన్నుతోనే సాగింది.

మైక్రో యూఎస్‌బీ వాడినవాళ్లకు దాని బాధ తెలుసు. ఒకే వైపు దూరుతుంది. చీకట్లో తడిమి తిరగేసి గుచ్చితే లోపలి సన్నటి రేకు వంగిపోతుంది, కొన్నాళ్లకు వదులై వైరును ఒక కోణంలో పట్టుకుంటేనే ఛార్జింగ్ ఎక్కుతుంది. కాబట్టి 2012 సెప్టెంబరులో ఐఫోన్ 5తో వచ్చిన లైట్నింగ్‌ను తీసిపారేయడం న్యాయం కాదు. ఎటు తిప్పి పెట్టినా పట్టేది, గట్టిగా నిలిచేది. అప్పటికి మార్కెట్లో ఉన్నవాటిలో అదే మేలైన పిన్ను. చిక్కల్లా దాని యాజమాన్యంతోనే. ఆ వైరు చేయాలనుకున్నవాళ్లు యాపిల్ దగ్గర అనుమతి తీసుకోవాలి, రుసుము కట్టాలి. వైరు కొసలో గుర్తింపు చిప్పు ఉండాలి. అది లేని చవక వైరు పెడితే ఫోను తెర మీద హెచ్చరిక పడేది. ఆ ఖర్చంతా చివరికి వైరు కొనేవాడి మీదే పడింది.

2014 ఆగస్టులో యూఎస్‌బీ-సీ నిర్దేశాలు ఖరారయ్యాయి. దాన్ని రూపొందించిన కంపెనీల్లో యాపిల్ కూడా ఉంది. 2015లో మ్యాక్‌బుక్‌కు పెట్టింది కూడా. ఐఫోన్‌కు మాత్రం ఇంకో ఎనిమిదేళ్లు పెట్టలేదు. ఒకే కంపెనీ ల్యాప్‌టాప్‌కు ఒక వైరు, ఫోనుకు ఇంకో వైరు అమ్ముతూ ఉంటే, ఒకే పిన్ను తప్పనిసరి చేస్తే ఆవిష్కరణ ఆగిపోతుందన్న దాని వాదన నాకు ఎప్పుడూ నమ్మదగ్గదిగా అనిపించలేదు.

ఐరోపా పార్లమెంటూ నమ్మలేదు. సీ పిన్నే ఉండాలన్న చట్టానికి 2022 అక్టోబరు 4న 602 మంది అనుకూలంగా, 13 మంది వ్యతిరేకంగా ఓటేశారు. ఐరోపాలో ఏటా 11,000 టన్నుల ఛార్జర్లు చెత్తలోకి పోతున్నాయని, ఒకే పిన్ను వస్తే కొనుగోలుదారులకు ఏడాదికి 25 కోట్ల యూరోలు మిగులుతాయని కమిషన్ లెక్క. ఫోన్లకు, ట్యాబ్లెట్లకు 2024 డిసెంబరు 28 నుంచి, ల్యాప్‌టాప్‌లకు 2026 ఏప్రిల్ 28 నుంచి అమలు. యాపిల్ గడువుదాకా ఆగలేదు. 2023 సెప్టెంబరులో ఐఫోన్ 15 సీ పిన్నుతో వచ్చింది. పదకొండేళ్ల లైట్నింగ్‌ను కదిలించింది చట్టమే.

మన దేశంలో ఏం జరిగింది? కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 ఆగస్టులో, మళ్లీ నవంబరులో కంపెనీలతో, వినియోగదారుల సంఘాలతో సమావేశమైంది. సీ పిన్నుకు ఏకాభిప్రాయం కుదిరింది. 2023 జనవరిలో భారతీయ ప్రమాణాల సంస్థ దానికి ప్రమాణం ప్రకటించింది. ఆ తర్వాత బండి నెమ్మదించింది. పాత మోడళ్లకు మినహాయింపు ఇవ్వకపోతే ఇక్కడి ఉత్పత్తి లక్ష్యాలు అందుకోలేమని యాపిల్ ప్రభుత్వానికి చెప్పినట్టు 2023 డిసెంబరులో రాయిటర్స్ రాసింది. ఇక్కడే కథ నరసాపురం దారి పట్టింది. ఫోను ఇక్కడే తయారవుతున్నప్పుడు, కొనేవాడి సౌకర్యాన్ని, చేసేవాడి ఉద్యోగాన్ని ఒకే తక్కెడలో పెట్టి బేరమాడే వీలు కంపెనీకి దొరుకుతుంది.

ఆ ఉద్యోగం విలువ ఈ జిల్లాకు బాగా తెలుసు. 1902లో కావేరి మీది శివనసముద్రం నుంచి 147 కిలోమీటర్ల తీగ లాగి కరెంటు తెచ్చింది కోలారు బంగారు గనులకే. బెంగళూరు వీధుల్లో దీపాలు వెలిగింది ఆ తర్వాత, 1905లో. గనులను నడిపింది లండన్ కంపెనీ. కరెంటు యంత్రాలు అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్‌వి, టర్బైన్లు స్విట్జర్లాండ్‌వి. దూరదేశాల యంత్రం ఈ నేలకు కొత్త కాదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక మారికుప్పం రైలెక్కి రోజూ బెంగళూరు పోయి వచ్చే బతుకైంది గనుల పట్టణం కేజీఎఫ్ జనానికి. అందుకే 2020లో తైవాన్ కంపెనీ విస్ట్రాన్ నరసాపురంలో ఐఫోన్లు కూర్చడం మొదలుపెడితే జిల్లా అంతా ఆశపడింది. అదే ఏడాది డిసెంబరు 12న జీతాల గొడవ రగిలి కార్మికులు కర్మాగారం మీద పడ్డారు. అద్దాలు, యంత్రాలు పగిలాయి. విధ్వంసాన్ని నేను సమర్థించను. కానీ జీతాలు సరిగా, వేళకు చెల్లించలేదని తర్వాత విస్ట్రానే ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. తప్పు దిద్దుకునేదాకా కొత్త పని ఇవ్వబోమని యాపిల్ ప్రకటించింది. 2023 అక్టోబరులో ఆ కర్మాగారాన్ని 12.5 కోట్ల డాలర్లకు టాటా సంస్థ కొంటున్నట్టు వెల్లడైంది.

పిన్ను తయారీ తెలుగునేలకూ వచ్చింది. తిరుపతి దగ్గర ఐఫోన్ ఛార్జింగ్ వైర్లు చేసే ఫాక్స్‌లింక్ కర్మాగారంలో 2023 ఫిబ్రవరి 27న పెద్ద మంట లేచి పని ఆగిపోయింది. కొత్త ఐఫోన్లు లైట్నింగ్‌ను వదిలింది ఆ ఏడాదే.

రంధ్రం గొడవ తీరాక తగాదా ఇంకో చోటికి మారింది. ఫోను ఎక్కడ పుట్టిందన్నది ఇప్పుడు పేచీ. 2025 ఏప్రిల్‌లో అమెరికా చైనా సరుకు మీద సుంకాలు 145 శాతానికి పెంచింది. సుంకాలు తప్పించుకోవడానికి యాపిల్ చెన్నై నుంచి అమెరికాకు 600 టన్నుల ఐఫోన్లను విమానాల్లో పంపిందని వార్త వచ్చింది. ఆ వెంటనే అమెరికా ఫోన్లకు మినహాయింపు ఇచ్చింది. మే నెలలో ట్రంప్, ఇండియాలో ఫోన్లు చేయడం తనకిష్టం లేదని యాపిల్ అధిపతి టిమ్ కుక్‌కు చెప్పినట్టు దోహాలో అన్నారు. జులైలో, ఐఫోన్లు కూర్చే ఫాక్స్‌కాన్ కంపెనీ మన దేశంలోని కర్మాగారాల నుంచి వందలమంది చైనా ఇంజినీర్లను వెనక్కి పంపిందన్నారు. నరసాపురంలో షిఫ్టు ఉంటుందో ఊడుతుందో ఇలాంటి మాటల మీద ఆధారపడి ఉందంటే మనసుకు కష్టంగా ఉంటుంది.

ఇక పిన్ను లోపలికి. సీ పిన్ను మూతిలో పైన 12, కింద 12, మొత్తం 24 స్పర్శలు. వాటిలో సీసీ అనే రెండు కాపలాదారులు. పరికరం వైపు ఆ రెంటికీ 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టరు ఒక్కొక్కటి ఉండాలి. అది కనబడితేనే సరైన సీ ఛార్జరు కరెంటు వదులుతుంది. పైసల్లో అయిపోయే ఆ రెసిస్టరును మిగుల్చుకునే చవక టార్చీలు, ఇయర్‌ఫోన్లు రెండువైపులా సీ ఉన్న వైరుతో ఎక్కవు. పాత యూఎస్‌బీ మూతి వైరుతో మాత్రం ఎక్కుతాయి. కొన్నవాడు వస్తువు పాడైందనుకుంటాడు. 2016లో గూగుల్ ఇంజినీరు బెన్సన్ లియూంగ్ తప్పుగా అతికిన వైరును పరీక్షించబోతే ఆయన ల్యాప్‌టాపే కాలిపోయింది. అదే ఏడాది అమెజాన్ ప్రమాణానికి సరిపోని సీ వైర్లను నిషేధ జాబితాలో పెట్టింది. ఆకారం ఒకటే అయినంతమాత్రాన లోపల అన్నీ ఒకటి కావు. ఒక వైరు 60 వాట్లు మోస్తుంది, ఇంకోటి 240. ఐఫోన్ 15లో డేటా సెకనుకు 480 మెగాబిట్ల వేగంతో పోతే, అదే రంధ్రంతో ఉన్న 15 ప్రోలో 10 గిగాబిట్ల దాకా పోగలదు.

ఐరోపా చట్టం పెట్టె మీద ఫోనుకు ఎన్ని వాట్లు కావాలో, లోపల ఛార్జరు ఉందో లేదో ముద్రించాలంటుంది. మన ప్రమాణంలోనూ అది తప్పనిసరి కావాలి. వైరు మీద కూడా, మాసిపోని అక్షరాల్లో, వాట్లూ వేగమూ రాయించాలి. లక్కూరు అంగడిలో నూరు రూపాయల వైరు కొనే మనిషికి, అది తన ఫోనుకు సరిపోతుందో లేదో డబ్బులివ్వకముందే తెలియాలి.