తెలంగాలు

మొన్న గుంటూరు మిర్చి యార్డులో ఒక వృద్ధ రైతు, గ్రీన్ కార్డున్న తన మనవడు అమెరికా సైన్యంలో చేరాడని చెప్పాడు. ‘పరాయి దేశపు తుపాకీ మోయడం తప్పంటారా?’ అని నన్నే అడిగాడు. జవాబు కోసం నేను చరిత్ర తిరగేశాను.

1756లో క్లైవు మద్రాసు నుంచి బెంగాలుకు తీసుకెళ్లిన సిపాయిలను అక్కడివారు ‘తెలంగాలు’ అన్నారు. ఐరోపా పద్ధతిలో కవాతు నేర్చిన తొలి సిపాయిల్లో చాలామంది తెలుగు సీమవారు కావడమే అందుకు కారణం. 1788లో మన గుంటూరు సీమ కూడా కుంఫిణీ పరమైంది. పొట్టకూటికి పట్టిన తుపాకీ ఆ దొరతనానికే అండ అయింది. 1857లో ఢిల్లీ ప్రజలు తిరుగుబాటు సిపాయిలను, వారు అవధ్ ప్రాంతంవారైనా, ‘తెలంగాలు’ అనే పిలిచారు. పేరు అదే, తుపాకీ గురి మారింది.

నేటి చట్టం విధేయతను కాగితం మీద తేలుస్తుంది. అమెరికాలో సైనిక సేవ పౌరసత్వానికి దగ్గరిదారి. అది స్వచ్ఛందంగా పుచ్చుకున్న నాడే, 1955 చట్టం తొమ్మిదో సెక్షను కింద భారత పౌరసత్వం పోతుంది. 2005లో వచ్చిన ఓసీఐ కార్డు ద్వంద్వ పౌరసత్వం కాదు.

ఆ కుర్రవాణ్ణి ద్రోహి అనో వీరుడనో రాసేముందు, రచయిత అడగవలసింది ఒక్కటే: ఆ తుపాకీ ఎవరి మీదికి?