వాచీ కీ కథ: బిగించేది మర, కాపాడేది రబ్బరు

మన సభ్యుల్లో చాలామందికి పదవీ విరమణ సభలో దండ, శాలువాలతోపాటు చేతి గడియారం కూడా బహూకరించారు. ఈమధ్య విదేశాల్లో ఉన్న పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు, సముద్రంలో మునిగేవారి కోసం తయారైన 'డైవర్' వాచీలు తెచ్చి నాన్నగారి చేతికి పెడుతున్నారు. ఆ వాచీల్లో చాలావాటి కీ లాగితే రాదు. సీసా మూతలాగా మర తిప్పి విప్పాలి, పని అయ్యాక మళ్లీ తిప్పి బిగించాలి. కొద్ది వేల రూపాయల వాచీకీ, లక్షలు పలికే వాచీకీ ఈ మర ఉంటుంది. కాని వేళ్లకు రెండూ ఒకేలా తగలవు. ఆ తేడాను బట్టి వాచీ మంచిచెడ్డలు తేల్చవచ్చునా? దీనికి జవాబు చరిత్రలో ఉంది.

ముందు 'కీ' అనే మాట సంగతి చూద్దాం. పూర్వం జేబు గడియారాలకు విడిగా చిన్న తాళంచెవి ఉండేది. దానితోనే స్ప్రింగును చుట్టేవారు. ఫ్రెంచి నిపుణుడు ఏడ్రియన్ ఫిలిప్ గడియారం అంచున ఉండే బొడిపెతోనే ఆ పని జరిగే ఏర్పాటు చేసి, 1845లో పేటెంటు పొందాడు. తాళంచెవి పోయినా, 'కీ ఇవ్వడం' అనే మాట మన ఇళ్లలో నిలిచిపోయింది. రిపేరు చేసేవారు ఈ బొడిపెను క్రౌను అంటారు. సౌకర్యంతోపాటు ఒక చిక్కు కూడా మిగిలింది. బొడిపె కాడ లోపలికి వెళ్లే రంధ్రం దుమ్ముకూ తేమకూ దారి ఇచ్చేది. మిర్చియార్డు ఘాటు ధూళి, జిన్నింగు మిల్లులో ఎగిరే పత్తి నూగు, రోహిణీకార్తెలో మణికట్టు మీద కారే చెమట ఎరిగిన గుంటూరు వారికి ఆ దారి ఎంత చేటో వేరే చెప్పనక్కరలేదు.

ఈ దారిని మూయడానికి స్విట్జర్లాండులో పెరెగో, పెరె అనే ఇద్దరు మరతో బిగించే క్రౌనుకు 1925లో పేటెంటు తీసుకున్నారు. రోలెక్స్ స్థాపకుడు హాన్స్ విల్స్‌డార్ఫ్ ఆ హక్కులు కొని, 1926లో 'ఆయిస్టర్' వాచీ తెచ్చాడు. ఆయిస్టర్ అంటే ఆల్చిప్ప. 1927 అక్టోబరులో మెర్సిడెస్ గ్లీట్జ్ అనే ఆంగ్ల యువతి ఇంగ్లీషు చానల్లో ఈదినప్పుడు ఆ వాచీ ఆమె వెంట ఉంది. చలికి ఆమె ఆ ఈత పూర్తి చేయలేకపోయింది. అయినా పది గంటలకు పైగా నీటిలో ఉన్న వాచీ ఆగలేదు. ఆ నవంబరులో విల్స్‌డార్ఫ్ లండన్ 'డైలీ మెయిల్' మొదటి పేజీ నిండా ప్రకటన వేయించాడు.

అయితే అప్పటి వాచీకి రోజూ కీ ఇవ్వాలి. రోజూ మర విప్పి బిగిస్తే అరిగిపోతుంది. ఒక్కరోజు బిగించడం మరిచినా చేసిన ఏర్పాటంతా వృథా. చేతి కదలికతోనే స్ప్రింగు చుట్టుకునే వాచీని అదే కంపెనీ 1931లో తీసుకురావడంతో ఈ బాధ చాలావరకు తగ్గింది.

1953లో నీటిలో మునిగేవారి కోసం రెండు పేరుపొందిన వాచీలు వచ్చాయి. రోలెక్స్ 'సబ్‌మెరైనర్' మర క్రౌనునే నమ్ముకుంది. బ్లాంక్‌పెయిన్ 'ఫిఫ్టీ ఫాథమ్స్' మాత్రం మర లేకుండా, రెండు రబ్బరు రింగులతో నీటిని ఆపింది. జపాను సీకో 1965లో 150 మీటర్ల వాచీని మర లేకుండానే తెచ్చి, 1968 నాటి 300 మీటర్ల వాచీకి మర పెట్టింది. దీనిని బట్టి అసలు నీటిని ఆపేది రబ్బరు రింగేనని తెలుస్తుంది. మర చేసే పని ఆ రింగును అదిమి ఉంచడం, క్రౌను పొరపాటున బయటికి రాకుండా చూడడం.

ఇక వేళ్లకు తగిలే తేడా. ఖరీదైన వాచీలో మరచుట్లు సన్నగా, నునుపుగా కోస్తారు. లోపలి స్ప్రింగు క్రౌనును సమంగా నెడుతుంది. మొదటి చుట్టు వెంటనే పట్టుకుంటుంది, ఆఖరున బిగువు తెలుస్తుంది. చవక వాచీలో ఇసుక రాసినట్టు గరగరమంటుంది, మొదటి చుట్టు దొరకడానికి వెతకాలి. అలాగని వదులుగా ఉన్నదల్లా నాసిరకం కాదు. సోవియట్ రష్యాలో 1967లో వచ్చిన 'ఆంఫిబియా' క్రౌను విప్పగానే ఊడిపోయేటట్టు ఊగుతుంది. పక్కనుంచి దెబ్బ తగిలినా లోపలి కాడ విరగకుండా కావాలనే అలా చేశారు. చవక వాచీయే అయినా అది 200 మీటర్ల లోతుకు తయారైనది.

మన దేశంలో హెచ్.ఎం.టి. 1961లో జపాను సిటిజన్ సహకారంతో బెంగుళూరులో వాచీల తయారీ మొదలుపెట్టింది. మన హైదరాబాదు ఆల్విన్ 1980లలో సీకో సహకారంతో వాచీలు చేసింది. 1984లో ఏర్పడిన టైటాన్, తెలుగువారు ఎందరో ఉన్న హోసూరులో ఫ్యాక్టరీ పెట్టింది. మన తరం చేతికి అలవాటైన 'జనతా' వంటి వాచీల కీకి మర లేదు. ఉదయం రేడియో వార్తల వేళకు కీ ఇచ్చి, టైము సరిచేసి, లోపలికి నొక్కితే సరిపోయేది. హెచ్.ఎం.టి. వాచీల తయారీకి స్వస్తి చెప్పాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. కాని ఆ నొక్కే అలవాటు మన వేళ్లలో ఇంకా ఉంది. కొత్త వాచీకి అసలు ప్రమాదం అక్కడే. నొక్కినంత మాత్రాన మర బిగియదు. మర తెరిచి ఉన్న లక్షల వాచీ కంటే సరిగా బిగించిన వేల వాచీ మేలు.

కనుక సభ్యులు ఈ నాలుగు సంగతులు గుర్తుంచుకోవాలి. బిగించే ముందు క్రౌనును నెమ్మదిగా అదిమి వెనక్కు తిప్పితే ఒకచోట చిన్నగా కిందికి దిగినట్టు తెలుస్తుంది, అక్కడినుంచి ముందుకు తిప్పాలి. బిగువు తగలగానే ఆపాలి, బలం ఉపయోగిస్తే మర చెడుతుంది. తడిచేత్తో విప్పరాదు. రబ్బరు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడుతుంది కాబట్టి, వాచీ విప్పించినప్పుడల్లా రింగులు చూపించి, నీటి పరీక్ష చేయించాలి. డయలు మీద 30 మీటర్లని రాసి ఉంటే అది తుంపరలకే గాని స్నానానికి కాదు. వేళ్ల కీళ్లనొప్పులున్నవారు ఈ పని మనవలకు అప్పగిస్తే వారికీ ఒక విద్య అబ్బుతుంది.

2016 తర్వాత కృష్ణా పుష్కరాలు మళ్లీ 2028లో వస్తాయి. అందరం ఆరోగ్యంగా పుష్కర స్నానం చేయాలని కోరుకుందాం. పాత హెచ్.ఎం.టి.ని మాత్రం గట్టున ఉన్నవారి చేతికిచ్చి దిగుదాం.