అడవి బాట – కమాను కట్ట

పాతబడిన జీపుకు ఎటువంటి కమానులు వేయించవలె? ఇది మెకానిక్కు షెడ్డులో తేలవలసిన ప్రశ్న కదా, చరిత్ర ప్రసంగములో దీనికి చోటేమిటి అని శ్రోతలు అనుకోవచ్చును. కాని ఖమ్మం మెట్ట దాటి భద్రాచలపు అడవి అంచులలోనికి పోయేకొలదీ ఈ ప్రశ్న ఒక్క యజమాని ఖర్చు లెక్కతో ఆగదు. ఆ బండిలో సంతకు పోయేవారు ఉంటారు, బడికి పోయే పంతుళ్ళు ఉంటారు, అర్ధరాత్రి నొప్పులు వచ్చిన గర్భిణి ఉంటుంది. ఆమెకు తగిలే ప్రతి కుదుపు వెనుక ఎవరో ఒకరు ఏనాడో చేసిన నిర్ణయము ఉన్నది. ఆ నిర్ణయము సరిగా చేయవలెనంటే ఈ అడవి బాట మీద మనుషులు ఇంతవరకు ఎట్లా ప్రయాణము చేశారో కొంత తెలియవలె.

ఈ ప్రాంతమునకు మొదటి రహదారి గోదావరి. రాజమహేంద్రవరము నుండి పాపికొండల నడుమగా పడవలు ఎగువకు వచ్చేవి. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో ముగిసిన తరువాత ఎగువ గోదావరిని కూడ నౌకామార్గము చేయవలెనన్నది కాటన్ దొర సంకల్పము. దుమ్ముగూడెము వద్ద కట్టిన ఆనకట్ట ఆ ప్రయత్నపు గుర్తే. ఖర్చు పెరిగినది, ఆశించిన ఫలము కానరాలేదు. 1871లో ఆ పనిని నిలిపివేశారు. 1874లో భద్రాచలము, రేకపల్లి తాలూకాలను మధ్య పరగణాల నుండి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మార్చారు. నదికి కుడి ఒడ్డున నిజాము రాజ్యము. రెండు ప్రభుత్వాల అంచులు కలిసే చోట అడవిలోనికి మంచి బాట వేయవలెనన్న తొందర ఎవరికీ లేకపోయినది.

ఒడ్డు దిగిన తరువాత నడకే దిక్కు. నడవలేని వారికి డోలీ. గట్టి కర్రకు దుప్పటి కట్టి, రోగిని అందులో పరుండబెట్టి, ఇద్దరు భుజాన వేసుకొని వాగులు దాటేవారు. బాట లేని గూడేలలో ఈనాటికీ ఈ దృశ్యము కనబడుతూనే ఉన్నది. డోలీలో చక్రము లేదు, ఇనుము లేదు. ఐనా కమాను ఉన్నది. మోసేవాని మోకాళ్ళే దాని కమానులు. రాయి తగిలిన చోట అతడు అడుగు మెల్లగా వేస్తాడు, గుంట వచ్చిన చోట కాలు వంచుతాడు. లోపల ఉన్నవారి బరువెంతో అతని భుజానికి తెలుసు. ఈ మాటను శ్రోతలు జ్ఞాపకముంచుకోవలెనని మా కోరిక. తరువాత దీని అవసరము వస్తుంది.

డోలీ తరువాత ఎడ్లబండి. ఇరుసు మీద నేరుగా బండి చట్రము కూర్చుంటుంది. నడుమ మెత్తదనము ఏమీ లేదు. పెద్ద చక్రము చిన్న గుంటలను దాటివేస్తుంది, మిగిలిన దానిని ప్రయాణీకుని వెన్నెముక భరించవలె. అందుకే మన పెద్దలు బండిలో మందముగా వరిగడ్డి పరచేవారు. అది కూడ ఒక విధమైన కమానే. ఖర్చు లేనిది, పాడైతే ఎడ్లకు మేతగా పనికివచ్చేది.

ఇనుప కమాను మనకు జట్కాతో పరిచయమైనది. కమాను అనగా పారసీక భాషలో విల్లు. వంచిన ఉక్కు పట్టీలను ఒకదాని మీద ఒకటి పేర్చి బండికిని ఇరుసుకును నడుమ బిగించే పద్ధతి ఐరోపాలో చాలకాలముగా సాగినది. లండనులో ఒబదయా ఇలియట్ అనే బండ్ల తయారీదారు 1804లో రెండు విండ్లను ఎదురెదురుగా చేర్చిన కమానుకు పేటెంటు పొందిన తరువాత గుర్రపు బండ్లు తేలికపడినవి. 1889లో నిజాము రైలుమార్గము బెజవాడను చేరినది. ఆ దారిలోనే ఖమ్మం ఉన్నది. స్టేషను నుండి ఊరిలోనికి పోవుటకు జట్కా ఉండేది. అడవిలోనికి మాత్రము అది పోలేదు. దాని కమాను పట్టణపు బాటకు, నలుగురి బరువుకు కట్టినది.

అడవిలోనికి పోగల మోటారు బండి యుద్ధము వలన వచ్చినది. 1940లో అమెరికా సైన్యము నాలుగు చక్రాలను ఇంజను తిప్పగల చిన్న బండిని కోరినది. బాంటం కంపెనీ మొదటి నమూనాను తయారుచేసినది. విల్లీస్, ఫోర్డు కంపెనీలు 1941 నుండి 1945 వరకు ఆరు లక్షలకు పైగా బండ్లను చేసి పంపినవి. అదే జీపు. పావు టన్ను మోయవలెనన్నది దానికి పెట్టిన లెక్క. ముందు ఇరుసుకు రెండు, వెనుక ఇరుసుకు రెండు, మొత్తము నాలుగు కమాను కట్టలు. యుద్ధము ముగిసిన ఏటనే స్థాపితమై, 1948లో మహీంద్రా అండ్ మహీంద్రా అని పేరు మార్చుకొన్న సంస్థ బొంబాయిలో ఈ జీపులను కూర్చుట మొదలుపెట్టినది.

మన ప్రాంతములోను మార్పులు వచ్చినవి. 1953 అక్టోబరు 1న వరంగల్లు జిల్లా నుండి వేరుపడి ఖమ్మం జిల్లా ఏర్పడినది. 1959లో భద్రాచలము, నూగూరు వెంకటాపురము తాలూకాలు తూర్పు గోదావరి జిల్లా నుండి ఇందులో చేరినవి. 1965లో భద్రాచలము వద్ద గోదావరి మీద వంతెన తెరిచారు. ఆ తరువాత జీపు నేరుగా అడవి అంచు వరకు పోగలిగినది. అటవీశాఖ వారు, డాక్టర్లు, తునికాకు కాంట్రాక్టర్లు దానిని వాడారు. సర్కారు వాడుక తీరి వేలములో అమ్ముడుపోయిన జీపులు పాల్వంచ, కొత్తగూడెము, చర్ల బాటలలో జనమును మోయసాగినవి.

ఇక్కడనే కథ మలుపు తిరిగినది. పావు టన్ను మోయుటకు పుట్టిన బండిలో సంతనాడు పన్నెండు మంది ఎక్కుతారు. మనిషికి 55 కిలోల చొప్పున లెక్కవేసినా 660 కిలోలు. పైన మూటలు, కోళ్ళ గంపలు. కమాను చదునైపోయి ఇరుసు చట్రమును తాకుతుంది. యజమాని కమ్మరి వద్దకో మెకానిక్కు వద్దకో పోయి కట్టలో రెండు పట్టీలు అదనముగా వేయిస్తాడు. బండి మళ్ళీ నిటారుగా నిలుస్తుంది. సమస్య తీరినదని అందరికీ తోస్తుంది.

తీరలేదని మాకు తెలిసినది ఒక ప్రయాణములో. కొన్నేండ్ల క్రిందట చర్ల వైపు ఒక గూడెములో పాటలు రికార్డు చేయుటకు మేము అటువంటి పాత జీపునే కుదుర్చుకున్నాము. పోవునప్పుడు మేము ముగ్గురమే. యంత్రమును ఒడిలో పెట్టుకొని కూర్చున్నా అది ఎగిరెగిరి పడినది. తిరిగివచ్చునప్పుడు కాలు విరిగిన ఒక వృద్ధుని ఆసుపత్రికి చేర్చవలసి వచ్చినది. డ్రైవరు బండిని వాగు ఒడ్డున ఆపి, ఖాళీ గోనె సంచులు దించి, ఇసుక నింపసాగాడు. ఆలస్యమవుతున్నదని మేము తొందరపడినాము. అతడు తల ఎత్తకుండానే, "ఖాళీ బండి గుద్దుతది సార్. బరువుంటే మెత్తగ పోతది. ముసలాయన ఓర్వలేడు" అన్నాడు. ఐదు బస్తాలు వెనుక వేసిన తరువాత బండి నిజముగానే మెత్తబడినది. కాలు విరిగిన మనిషి కోసము ఇసుకను మోసుకొనిపోయిన ఆ దారి మాకు ఇంకా జ్ఞాపకము.

డ్రైవరు చెప్పినదానికి గణితము సాక్ష్యము. బండి తన బరువుతో కమానును 25 సెంటీమీటర్లు అణచితే, కుదుపు తగిలినప్పుడు అది సుమారు సెకనుకు ఒక్కసారి ఊగుతుంది. శరీరము దానిని ఓర్చుకొంటుంది. 6 సెంటీమీటర్లే అణచగలిగితే సెకనుకు రెండుసార్లు ఊగుతుంది. అప్పుడు ఊపు పోయి దెబ్బ మిగులుతుంది. కట్టలో పట్టీలు పెంచితే ఆ లెక్కనే గట్టిదనము పెరుగుతుంది. పట్టీ మందమును రెట్టింపు చేస్తే మాత్రము గట్టిదనము ఎనిమిది రెట్లవుతుంది. పన్నెండు మందికి సరిపడునట్లు గట్టిపరచిన కమాను ఒక్క రోగికి రాతిబండ వంటిది. బండి నిండుగా పోయేది సంతకు. దాదాపు ఖాళీగా పోయేది ప్రాణము మీదికి వచ్చినప్పుడు. కమాను ఏ బరువుకు కట్టవలెనన్నదే అసలు ప్రశ్న.

ఈ దృష్టితో చూచినప్పుడు తక్కువ ఖర్చుతో ఏమి చేయవచ్చునో వరుస తెలుస్తుంది. మొదటిది ఖర్చు లేనిది. గాలి టైరును డన్లప్ 1888లో వాడుకలోనికి తెచ్చారు. బాటను మొదట తాకే కమాను అదే. రాళ్ళ బాటలో మెల్లగా పోవునప్పుడు గాలి కొంచెము తగ్గించి, తారురోడ్డు ఎక్కేముందు మళ్ళీ నింపుకోవలె.

రెండవది, ఉన్న కట్టను విప్పించుట. వాగులు దాటే బండిలో పట్టీల నడుమ నీరు చేరి త్రుప్పు పడుతుంది. త్రుప్పు పట్టిన పట్టీలు ఒకదాని మీద ఒకటి జారవు. ఏడు పట్టీల కట్ట ఒకే దిమ్మవలె బిగిసిపోతుంది. వాటిని గీకించి, గ్రీజు రాయించి, అరిగిన బుష్షులు, షాకిల్ పిన్నులు, నడిమి బోల్టు మార్పిస్తే సగము బండి కొత్తదైనట్లే. ఈ పని చేయించకుండ కొత్త కమానులు కొన్నవారు లేని జబ్బుకు మందు కొన్నట్లు.

మూడవది షాక్ అబ్జార్బర్లు. కమాను కుదుపును మ్రింగుతుంది గాని ఊగుట మానదు. ఆ ఊపును ఆపేది నూనెతో పనిచేసే ఈ గొట్టము. దానిలో నూనె కారిపోతే ఎంత మంచి కమానైనా పడవవలె ఊగుతుంది. అసలు బండికి సరిపడే కొలత గల కొత్తవి నాలుగు వేయించుట తగిన ఖర్చే.

నాలుగవది కట్టను గూర్చినది. వంపు పోయిన పట్టీలకు మళ్ళీ వంపు తెప్పించవచ్చును. కాని పగులు వచ్చిన పట్టీని వెల్డింగు చేయించరాదు; కొత్తదే వేయవలె. బరువు తప్పనిసరిగా మోయవలసిన వారు కట్టలో పట్టీలు పెంచుటకు బదులు హెల్పరు పట్టీని ఆలోచించవలె. ఇది మామూలు బరువుకు దూరముగా ఉండి, బండి బాగా క్రుంగినప్పుడు మాత్రమే వచ్చి ఆనుకొంటుంది. సంతనాడు పనిచేస్తుంది, రోగి ఉన్ననాడు ఊరకుంటుంది. డోలీ మోసేవాని భుజానికి తెలిసిన విద్యను ఉక్కు కొంత నేర్చుకొన్నదంటే ఇక్కడనే.

ఇక ఖరీదైన మార్గములు. తక్కువ పట్టీలతో, నడుమ మందముగా కొనలు పలుచగా చేసిన పారబోలిక్ కమానులు మెత్తగా ఉంటాయి. స్తోమత ఉన్నవారు ఆలోచించవచ్చును. చుట్టల స్ప్రింగులు చూచి మోజుపడేవారు ఒక మాట గమనించవలె. కమాను కట్ట బరువు మోయుటయే కాదు, ఇరుసును తన చోట పట్టి ఉంచుతుంది కూడ. చుట్ట స్ప్రింగు బరువును మాత్రమే మోస్తుంది. ఇరుసును పట్టుటకు వేరే కడ్డీలు కావలె. 2020లో వచ్చిన కొత్త థార్ బండి వెనుక భాగములో అటువంటి ఏర్పాటే ఉన్నది. అది కర్మాగారములో పుట్టుకతో వచ్చినది. పాత బండికి చెట్టుక్రింద అతికించదగినది కాదు. తయారీదారు ఇచ్చిన రూపమును ఇష్టము వచ్చినట్లు మార్చుటకు 1988 నాటి మోటారు వాహనాల చట్టములోని 52వ సెక్షను అడ్డు చెబుతున్నది. బండిని అందము కోసము ఎత్తు లేపుట మరీ ప్రమాదము; వాగు గట్టు మీద ఏటవాలుగా పోవునప్పుడు ఎత్తైన బండి తొందరగా పల్టీ కొడుతుంది.

2005 ఆగస్టు 15న 108 వాహనములు వచ్చినవి. 2014లో చింతూరు, కూనవరము వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోనికి పోయినవి. 2016లో భద్రాద్రి కొత్తగూడెము వేరు జిల్లా అయినది. సరిహద్దు గీతలు మారుతున్నవి, తారురోడ్లు పెరుగుతున్నవి. ఐనా రోడ్డు చివర నుండి గూడెము వరకు మిగిలిన ఆ నాలుగైదు మైళ్ళు చాలచోట్ల పాత జీపుదే.

భద్రాద్రిలో వెలసినవాడు కోదండపాణి. విల్లు విలువ గట్టిదనములో మాత్రమే లేదని, ఎంత వంగవలెనో అంత వంగి మళ్ళీ నిలుచుటలో ఉన్నదని ఆ కొండ క్రింద బ్రతికేవారికి ఒకరు చెప్పనక్కరలేదు. జీపు క్రింది విల్లును గూర్చి కూడ మేము చెప్పదలచినది ఇంతే. డబ్బు ఒక్కసారికే ఉన్న యజమాని కమాను కొట్టుకు పోయినప్పుడు, "ఎంత మోస్తుంది?" అని అడుగుట సహజము. దానితోబాటు, "ఒక్క మనిషి పడుకొని పోతే ఎట్లా ఉంటుంది?" అని కూడ అడగవలె. ఆ రెండవ ప్రశ్న అడిగిననాడు వాగు ఒడ్డున ఇసుక బస్తాలు నింపవలసిన పని తప్పుతుంది.