మూడేళ్ల పిల్లలకు రోజుకు మూడు గంటల ఆట

మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు ఒళ్లు కదిలేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అందులో 60 నిమిషాలు రొప్పు వచ్చేలా ఉరకాలి. ఒక్కసారే కానక్కర్లేదు, రోజంతా కొంచెం కొంచెంగా అయినా సరే. ఫోన్, టీవీ కలిపి గంట దాటొద్దు. నిద్ర 10 నుంచి 13 గంటలు.

వరంగల్‌లో అసలు చిక్కు జాగాది. మండిబజార్ దిక్కు గల్లీలు ఇరుకు, బండ్లు ఆగవు. పొద్దున నర్సరీ, సాయంత్రం అరబీ చదువు, రెండు చోట్లా కూర్చోవడమే. ఇంటికొస్తే అన్నం తినిపించడానికి చేతికి ఫోన్ ఇస్తాం. పిల్లాడు గమ్మునున్నాడని సంతోషం కూడా!

అంగన్‌వాడీ అంటే గుడ్లే అనుకుంటారు కొందరు. 1975లో మొదలైన ఐసీడీఎస్‌లో 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకు ఆటపాటలతో చదువు కూడా ఉంది. పంపేముందు ఆడించే జాగా ఉందా అని చూసుకోండి.

ఇంట్లో అయితే దాగుడుమూతలు, తొక్కుడుబిళ్ల చాలు. పిట్టగోడ ఉంటేనే డాబా, పెద్దవాళ్లు పక్కనుండాలి. ఎండాకాలం అసర్ తర్వాత, మగ్రిబ్ లోపు ఆడించండి. సెలవురోజు ఖిలా వరంగల్ తీసుకెళ్తే ఉరకడానికి కావలసినంత జాగా. కొంచెం ఆడగానే ఆయాసపడే పిల్లల్ని మాత్రం ముందు డాక్టరుకు చూపించాలి.